నోరారా చెప్పుకోగల జబ్బు

మా ఇంట్లోకి ఒకే వానాకాలంలో రెండు జబ్బులు వచ్చాయి. ఒకటి మా యారాలికి, ఇంకొకటి నాకు. యారాలంటే మా బావ భార్య, నా తోటికోడలు. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. బీదర్ పాత ఊళ్లో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తినే కుటుంబం మాది. అత్తగారి వాళ్ల సొంతూరు మంగళగి. పొలం కౌలుకిచ్చి, మామ బతికుండగానే ఇక్కడికి వచ్చేశారు. బావకు గాంధీ గంజ్‌లో బార్దాన్ దుకాణం ఉంది. కందులు, శనగలు నింపే గోనెసంచులు కొని, చిరుగులు కుట్టించి మళ్లీ అమ్ముతాడు. మా ఆయన అదే గంజ్‌లో సామాన్ల ఆటో తోలుతాడు. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతాను. బడిలో చదివింది కన్నడమే అయినా తెలుగు అక్షరాలు మా నాయన నేర్పాడు. అందుకే ఇది తెలుగులో రాయగలుగుతున్నాను.

ముందు వచ్చింది అక్క జబ్బు. కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ ఎంతకూ మానకపోతే బావ రక్తపరీక్షకు తీసుకెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, ఇంకా చెప్పులు కూడా విడవకుండా, గడపలో నిలబడే అరిచింది.

"అత్తా, నాకు షుగరొచ్చిందంట!"

ఆ అరుపు మా అత్తకోసమే అయినా వీధి వీధంతా విన్నది. పొయ్యి మీది చాయ దిగే లోపలే ఎదురింటామె వచ్చింది, పక్కింటామె వచ్చింది. ఒకామె నానబెట్టిన మెంతులు తినమంది. ఒకామె నేరేడు గింజల పొడి మంచిదంది. పక్కింటామె అయితే తన పెరట్లో కాకర తీగ ఉందని, రోజూ పొద్దున్నే రసం తీసి పంపుతానని మాటిచ్చింది, నిజంగానే పంపింది. ఎవరి కోసమూ పొయ్యి దగ్గర కూర్చోని మా అత్త, పెద్ద కోడలి కోసం జొన్న రొట్టెలు చేయడం మొదలుపెట్టింది. అక్క గోలీలు స్టీలు డబ్బాలో పోసి టీవీ పక్కన, దేవుడి పటాల కింద పెట్టారు. పొద్దున ఆమె గోలి వేసుకోవడం ఒక్క క్షణం మరిస్తే మూడు గొంతులు లేచేవి.

"గోలి ఏసుకున్నవా?"

ఆమె నడింట్లో నిలబడి, తీర్థం పుచ్చుకున్నట్టు గోలి నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్లు గటగటా తాగేది.

నా జబ్బు ఇంకో విధంగా వచ్చింది. పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆపరేషన్ చేయాలని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చెప్పారు. చేసే ముందు రక్తం తీసుకున్నారు. మరునాడు వెళ్తే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మా ఆయనను లోపలికి పిలిచారు. తలుపు సరిగ్గా పడలేదు. లోపలి మాట బయటికి వినిపించింది.

"పాజిటివ్ కేస్ హై భాయ్. హమారే పాస్ నక్కో. హైదరాబాద్ లే జావ్."

మా దగ్గర వద్దు, హైదరాబాద్ తీసుకుపో అని. నాలో ఏముందో నాకు చెప్పకముందే నేను కేసునైపోయాను. ఆ ముక్క నాకు బాగా గుర్తు. నిన్నటిదాకా ఆ నర్సులు నన్ను అమ్మా అనే పిలిచారు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన ఆటోను దారి పక్కన ఆపి, ఇంజను బంద్ చేశాడు. ముందుకే చూస్తూ మెల్లగా చెప్పాడు.

"సర్కారు దవాఖానల దీనికి గోలీలిస్తరంట. పోదాం. ఇంట్ల మాత్రం ఏం చెప్పకు. రాళ్లకు గోలీలిచ్చిండ్రని నేను చెప్త."

ఎలా వచ్చిందని మీరు అడుగుతారని నాకు తెలుసు. రాయను. అక్కకు షుగరు ఎలా వచ్చిందని మా వీధిలో ఒక్కరూ అడగలేదు. మా ఆయన రక్తపరీక్షలో ఏం తేలిందన్నది ఆయన సొంత విషయం, అదీ రాయను. మా పాపకు లేదని మాత్రం రాస్తాను, ఎందుకంటే ఆ మాట రాయడం నాకు ఇష్టం.

సర్కారు దవాఖానలో కౌన్సెలర్ మేడమ్ ఒకామె ఉంది, కన్నడామె. ఆమె నన్ను కేసు అనలేదు. తలుపు మూసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ నాకే చెప్పింది.

"నీవు ఎచ్ఐవి జొతె బదుకుత్తిద్దీరి."

మీరు హెచ్ఐవితో బతుకుతున్నారు అని. నేను ఏడుస్తూ అడిగాను, అంటే ఎయిడ్సే కదా అని. కాదంది. వైరస్ ఒంట్లో ఉండటం వేరు, మందులు లేక ఒళ్లు బాగా దెబ్బతిన్న దశ వేరు, రెంటినీ ఒకటి చేసి అనకూడదు, మీ గురించి మీరు కూడా అనుకోకూడదు అంది. రోజుకు ఒక గోలి, మానకుండా వేసుకోవాలంది. తర్వాత కొన్నాళ్లకు రాళ్ల ఆపరేషన్ కూడా అక్కడే, ఎవరూ మొహం చిట్లించకుండా చేశారు.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని ఆ కన్నడ మాటను తెలుగులోకి తెచ్చుకోవాలని చూశాను. హెచ్ఐవితో బతుకుతున్న మనిషి. మాట బాగుంది, అందులో బతుకు ఉంది, మనిషి ఉంది. కానీ ఎంత పొడుగు మాట! అక్క మాటేమో ఒక్క గుక్కలో అయిపోతుంది. షుగర్. కన్నడంలో అయితే సక్కరె కాయిలె, పిల్లలకు కూడా నోరూరే మాట. నా జబ్బుకు మా వీధిలో ఉన్న మాటలన్నీ ఉమ్మేయడానికి పనికొచ్చేవే. గలీజు బీమారి. ఆ రోగం. పెద్ద రోగం. అక్కకు అందరికీ తెలిసిన చిన్న మాట దొరికింది. నాకు దొరికిన మంచి మాట గదిలో, తలుపు మూసుకుని అనుకునేదయింది.

అక్కడే మొదలైంది నాలో కుళ్లు.

మొదట అది గోలీల మీద. ఆమె డబ్బా టీవీ పక్కన మెరుస్తుండేది. రాళ్ల గోలీలని చెప్పినా, సీసా మీది పేరు ఎవరి కంటైనా పడుతుందని నా సీసా మిషను సొరుగులో, దారపు ఉండల కింద ఉండేది. కదిపితే గోలీలు గలగలమంటున్నాయని సీసాలో దూది కుక్కాను. అందరూ భోజనాలకు లేచాక, జాకెట్టు చేతులకు కుట్టు వేస్తున్నట్టు కూర్చుని గుటుక్కున మింగేదాన్ని, చాలాసార్లు నీళ్లు లేకుండానే. మొదటి వారాల్లో ఆ మందు నా ఒంటికి పడలేదు. తల తిరిగేది, వాంతి వచ్చినట్టుండేది. అక్క అదే గదిలో కాళ్లు చాపుకుని కూర్చుని, "నాకు జర సుస్తీగుందే" అంటే చాలు, అత్త చాప పరిచేది. నేను వాకిట్లోకి వెళ్లి, గోడకు చేయి ఆనించి నిలబడి, మళ్లీ వచ్చి పని చేసుకునేదాన్ని.

ఆమె జబ్బు చిన్నదని నేననను. ఆ కాలి పుండు నెలలు బాధపెట్టింది, ఆమె ఏడ్వడం నేను చూశాను. కానీ ఆ ఏడుపును తుడవడానికి ఎన్ని కొంగులు వచ్చేవో కూడా చూశాను.

ఆ చలికాలంలో కమలనగర్‌లో మా అత్త తరఫు వాళ్ల పెళ్లికి వెళ్లాం. అక్కడ సగం మాట మరాఠీ. వరుసగా కూర్చున్నాం, విస్తళ్లు వేశారు. వడ్డించే అతను బుట్టతో జిలేబీలు తెచ్చి అక్క ముందు వంగాడు. అక్క విస్తరి మీద చేయి అడ్డం పెట్టి, తనకు వచ్చిన మరాఠీ అంతా కూడగట్టుకుని నవ్వుతూ చెప్పింది.

"నకో భావూ, మలా షుగర్ ఆహే."

అతను చేయెత్తి దండం పెట్టి ముందుకు జరిగాడు. అంతే, అక్క పక్కన కూర్చున్న ముసలామె తనకూ ఉందంది. ఎదురు వరుసలో ఎర్రచీరామె తన మొగుడికి ఉందంది. ఎన్నేళ్ల నుంచి, ఏ గోలి, పొద్దున ఏం తింటున్నావు, వేలు మొద్దుబారుతుందా. పదినిమిషాల్లో అక్కకు ఆ పెళ్లిలో చుట్టాలు దొరికారు. వాళ్ల అడ్రసులు కూడా మార్చుకున్నారు. నేను నా విస్తట్లో పడ్డ జిలేబీ తుంచుకుంటూ వాళ్ల మధ్యలో కూర్చున్నాను. ఒక్క ముక్కా నోట్లో పెట్టలేదు. అక్క తిరిగి చూసి అంది.

"ఏందే చెల్లె, మొకం గట్లయింది?"

"ఏం లే అక్కా. ఎండ."

చలికాలంలో ఎండ అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. అక్క మళ్లీ అటు తిరిగి తన కొత్త చుట్టాలతో మాటల్లో పడింది. నాకు ఆ ముసలామె మీద, ఎర్రచీరామె మీద, మా అక్క మీద, ఆఖరికి పాపం ఆ వడ్డించే అతని మీద కూడా ఒళ్లు మండింది. వందమందిలో కూర్చుని నాకు ఫలానా జబ్బుందని నవ్వుతూ చెప్పుకోవడం ఎంత భోగమో ఆ చెప్పేవాళ్లకు తెలియదు. వాళ్లకు అది జిలేబీ వద్దనడం, అంతే.

నేను ఆమెను చూసి ఏడుస్తుంటే, ఆమె నన్ను చూసి ఏడుస్తోందని నాకు చాలా కాలం తెలియలేదు.

అది ఎండాకాలం మొదట్లో తెలిసింది. పొద్దున రొట్టెలు చేస్తున్నాం. ఆమె తడుతోంది, నేను పెనం మీద కాలుస్తున్నాను. అత్త కూరగాయలకు వెళ్లింది. మగవాళ్లు గంజ్‌కు వెళ్లిపోయారు. ఉన్నట్టుండి అక్క చేయి ఆపి అడిగింది.

"నెలనెలా మీరిద్దరు యాడికి పోతున్నరే?"

"గోలీలకు అక్కా. రాళ్లకు."

"రాళ్లు తీసేసిండ్రు గద."

రాళ్లు తీసేసిన తర్వాత ఆ అబద్ధానికి కాళ్లు విరిగాయని మా ఆయనకూ నాకూ తట్టలేదు. అక్క నా జవాబు కోసం ఆగలేదు, ఆమె అడగదల్చుకున్నది వేరు.

"చెప్పకున్నా తెల్వదనుకున్నవా? మరిది బండి దోస్తుది అడిగి తెస్తడు. నిన్ను ఎనక కూసోబెట్టుకుంటడు. పొద్దుగాల పోయి పగటీలికొస్తరు. వచ్చినంక నీ మొకం సల్లగుంటది. మీ బావ పెండ్లయిన కాడి నుంచి నన్ను కోట గూడ సూపియ్యలే. దవాఖానకైనా అత్తతోని షేర్ ఆటోల తోల్తడు. నాకేమన్న నోరు లేదా, మనసు లేదా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కుళ్లు అంటే ఏమిటో నాకు బాగా తెలుసు గనుక చూడగానే గుర్తుపట్టాను. ఈమె, ఇంటిల్లిపాదీ చుట్టూ తిరిగే ఈమె, నేను దవాఖాన వరండాలో కూర్చుని వచ్చే పూటల మీద కళ్లల్లో నిప్పులు పోసుకుంటోంది. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఎక్కడ లేని కోపమూ వచ్చింది.

"నీకు దేనికక్కా ఏడుపు? షికారుకు పోతున్నమనుకున్నవా? నాకు హెచ్ఐవి ఉంది. గోలీలకు పోతున్న."

అనేశాను. అంత పొడుగు మాట అవసరం లేకపోయింది. ఇన్నాళ్లూ నోట్లో నానిన మాట కోపంలో ఇంత చిన్నదై ఊడిపడింది.

పెనం మీద రొట్టె మాడి పొగ వచ్చింది. అక్క తనే చేయి చాపి దాన్ని తీసి పక్కన పెట్టింది.

"అంటే... ఎయిడ్సా?"

"కాదు. హెచ్ఐవి. మందులేసుకుంటున్న, మంచిగనే ఉన్న."

"అత్తకు తెలుసా?"

"తెల్వదు."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. మోచేతులదాకా పిండి ఉంది ఆమెకు. పిండి కడుక్కుందో, ఇంకేమైనా కడుక్కుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆమె చాయ గ్లాసు నా చేతికి ఇవ్వడం మానేసి పక్కన పెట్టి పోయేది. నాతో మాట్లాడేది, నవ్వేది, కానీ గ్లాసు మాత్రం కింద పెట్టేది. ఆమెకు షుగరని తెలిసిన రోజు ఎదురింటామె ఆమెను వాటేసుకున్న సంగతి నాకు గుర్తొచ్చేది. ఆ చాయ తాగబుద్ధయ్యేది కాదు, తాగేదాన్ని.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. బట్టలు ఆరేస్తూ ఒకటి, ఉల్లిగడ్డలు కోస్తూ ఒకటి.

"దోమ కుడితే వస్తదా?"

"రాదు."

"ఒక్క పళ్లెంల తింటే?"

"రాదక్కా."

"మరి నా షుగర్ చూసే సూది మనిద్దరం వాడితే?"

"సూదులు ఎవరివీ ఎవరూ వాడొద్దు. నీది నాకు గూడ వద్దు."

ఆ మాటకు ఆమె నవ్వింది. ఒకరోజు విసిగిపోయి, "నాకంత తెల్వదక్కా, మేడమ్‌కు తెలుసు" అన్నాను. "అయితే నన్ను తోల్కపో, అడుగుత" అంది. నేను ఒప్పుకుంటానని అనుకోలేదు, ఒప్పుకున్నాను. మరుసటి నెల మా ఆయనకు గంజ్‌లో లారీ లోడు ఉందని, మేమిద్దరం షేర్ ఆటోలో వెళ్లాం.

నేను ముందు లోపలికి వెళ్లి మేడమ్‌తో చెప్పాను, ఈమె మా అక్క, నా సంగతి తెలుసు, మీతో మాట్లాడతానంటోంది అని. మేడమ్ నన్ను రెండుసార్లు అడిగింది, మీకు ఇష్టమేనా అని. ఇష్టమేనన్నాను. అక్కను లోపల కూర్చోబెట్టి నేను బయట మందుల వరుసలో నిలబడ్డాను. కాసేపటికి గదిలోంచి నవ్వు వినిపించింది. మేడమ్ నవ్వు. నేను ఇన్ని నెలలుగా వస్తున్నాను, నాతో ఆమె ఒక్కసారీ అలా నవ్వలేదు. నేను ఎప్పుడూ తల వంచుకుని వినేదాన్ని. అక్క వెళ్లిన పూటే ఆ గదిని కూడా తనది చేసుకుంది. చేతిలో సీసా పట్టుకుని వరుసలో నిలబడి, నా మేడమ్‌ను కూడా లాక్కుందని పళ్లు కొరికాను.

బయటికొచ్చి నాకు తెలియని సంగతులు నాకే చెప్పింది. మందులు సరిగ్గా వేసుకుంటే వైరస్ పరీక్షలో కూడా దొరకనంత తగ్గిపోతుందట. అట్లా తగ్గి, అట్లనే ఉంటే మొగుడూ పెళ్లాల మధ్య కూడా ఒకరి నుంచి ఒకరికి అంటదట. మేడమ్ నాకూ చెప్పే ఉంటుంది. నేను అప్పుడు ఏడుస్తూ ఉండి ఉంటాను.

"ఇంకోటి చెప్పింది," అంది అక్క ఆటోలో. "మనిషిని జబ్బు పేరు వెట్టి పిలవొద్దంట. బాధితురాలు అని గూడ అనొద్దంట. ఊకె బాధపడుకుంట కూసోలేదు గద మనిషి, జాకెట్లు కుడుతుంది, పిల్లను సదివిస్తుంది అన్నది."

"నా గురించేనా అన్నది?"

"నేనే చెప్పిన, నువ్వు జాకెట్లు మంచిగ కుడతవని."

ఆ రోజు నుంచి చాయ గ్లాసు చేతికే వచ్చింది. నేను గమనించానని ఆమెకు తెలుసు. ఆ సంగతి మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అసలు కథ కందిపప్పు దగ్గర జరిగింది. బావ ఏటా గంజ్ నుంచి కందిపప్పు బస్తాలు తెచ్చి వేస్తాడు, వీధి ఆడవాళ్లు మధ్యాహ్నం పూట మా వరండాలో కూర్చుని చేటల్లో చెరిగి, ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోతారు. ఆ ఏడూ కూర్చున్నాం. మాటల్లో గంజ్‌లో పనిచేసే ఒక హమాలీ సంగతి వచ్చింది. అతను రెండు సందుల అవతల ఉంటాడు. కాకరరసం పంపే పక్కింటామె చేట ఆపకుండానే అంది.

"గా ఎయిడ్సోడు మళ్ల పనిలకొస్తుండంట. సంచులు మోస్తుండు. సిగ్గు లేదు."

నా చేట చేతిలో ఆగిపోయింది. తల ఎత్తలేదు. అప్పుడు అక్క గొంతు వినిపించింది, పెళ్లిలో జిలేబీ వద్దన్నంత తేలిగ్గా.

"మనిషిని పట్టుకొని గట్లంటవేంది? నాకు షుగరుంది, నన్ను ఎవరన్న షుగర్‌ది వచ్చింది, షుగర్‌ది పోయింది అంటున్నరా?"

"అది ఇది ఒక్కటా?"

"ఆయినెకు హెచ్ఐవి ఉంటె ఉన్నది. మందులేసుకుంటుండు, పనికొస్తుండు. దాంట్ల సిగ్గేముంది? అసలు ఉన్నదో లేదో నువ్వు సూసినవా? ఆయిన చెప్పిండా నీకు? ఆయిన ఇంటి సంగతి ఆయినది, మనమేం అనకుంటె అయిపాయె."

పక్కింటామె అక్కను కింది నుంచి మీదికి చూసింది.

"నీకేందే గంత రోషం?"

అక్క మళ్లీ పప్పు చెరగసాగింది. ఆ నిమిషంలో నా కడుపులో రగిలినంత ఈర్ష్య నా బతుకులో ఎప్పుడూ రగల్లేదు. నేను అనాల్సిన మాటలవి. ఎన్నో మధ్యాహ్నాలు మిషను తొక్కుతూ నాలో నేను అనుకున్న మాటలు. అవి నా నోట్లోంచి రాకుండా ఆమె నోట్లోంచి వచ్చాయి, అదీ ఎంత తేలిగ్గా! నా జబ్బు గురించి మాట్లాడే ధైర్యం కూడా ఆమెకే ఇచ్చాడు దేవుడు అనుకున్నాను. కృతజ్ఞత కూడా ఉంది, లేకపోలేదు, కానీ ఆ పూటకు అది అడుగున పడింది.

ఆ రోషమే అక్క మీదికి తిరిగింది. వారం తిరక్కుండా వీధిలో గుసగుస పుట్టింది. షుగరని పైకి చెప్తుంది, అసలు అదేనంట. మానని పుండు అందుకేనంట. కాకరరసం ఆగిపోయింది. తీగ ఎండిపోయిందని పక్కింటామె చెప్పింది, పందిరి మీద పచ్చగా కాయలు వేలాడుతుంటే. చెరగడానికి వచ్చేవాళ్లు రావడం తగ్గింది. అత్త చెవినా పడింది. ఆమె అక్క తాగే చెంబు కేసి అనుమానంగా చూడటం నేను చూశాను.

"నాకు లేదని చెప్పు అక్కా," అన్నాను నేను. "రిపోర్టు చూపియ్యి, నోళ్లు మూస్తరు."

"ఎందుకు చూపియ్యాలె? ఛీ, నాకు లేదు అని మొత్తుకుంటె, ఉన్నోళ్లను ఛీ అన్నట్టే గద. అననీ."

ఆ మాట విన్నాక ఇక నాకు కుళ్లుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఆమె చుట్టూ ఉన్న చాపలూ రొట్టెలూ పలకరింపులూ నేను కోరుకున్నవే. ఇప్పుడవి నా మూలంగా ఒక్కొక్కటే వెళ్లిపోతుంటే అందులో నాకేమీ దక్కలేదు, సంతోషం కూడా.

ఆ సాయంత్రం అత్త ఒంటరిగా వత్తులు చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"అత్తా, అక్కకు ఉన్నది షుగరే. హెచ్ఐవి ఉన్నది నాకు."

ఆమె చేతిలో దూది అట్లాగే ఉండిపోయింది. నేను ఆగకుండా చెప్పుకుపోయాను. దవాఖానకు పోతున్నామని, మందులు పనిచేస్తున్నాయని, పాపకు లేదని, ముట్టుకుంటే రాదని. అన్నీ విని ఆమె అడిగిన మొదటి మాట నేను భయపడ్డదే.

"యాడికెళ్లి వచ్చిందే?"

"అదొక్కటి అడగకు అత్తా. పెద్ద కోడలిని అడిగినవా షుగర్ యాడికెళ్లి వచ్చిందని?"

ఆమె ఏడ్చింది. తిట్టింది కూడా, నన్ను కాదు, దేవుణ్ణి, రాళ్లు కోసిన డాక్టర్లను, ఇన్నాళ్లు దాచిన కొడుకును. ఆ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అక్క చెంబు అనుమానం తీరింది గానీ, నా చెంబు వైపు ఆమె చూపు వెళ్లడం ఆగడానికి చాలా కాలం పట్టింది. మధ్యలో ఒకసారి అక్కే ఆమెకు గట్టిగా చెప్పింది. మా అత్త మంచిదైపోయిందని రాయడం తేలిక, కానీ ఆమె మెల్లగా, సణుక్కుంటూ, ఒక అడుగు ముందుకూ ఒక అడుగు వెనక్కూ వేస్తూ వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది. అప్పుడప్పుడు 'ఆ బీమారి' అని నోరు జారుతుంది, మళ్లీ తనే ఆగి, పేరు గుర్తు రాక, "గదే, నీ గోలీలది" అంటుంది. నాకు ఆ మాట నచ్చింది.

వీధికి నేను చెప్పలేదు. అది నా ఇష్టం. అక్క మీది గుసగుస ఏమైందంటే, ఆమె వేలు పుండు మానింది, జనానికి ఇంకో ఇంటి సంగతి దొరికింది. పక్కింటామె కాకరకాయలు పంపడం మొదలుపెట్టింది, రసం తీయకుండా కాయలుగానే.

మొన్న మేమిద్దరం మళ్లీ ఆటోలో దవాఖానకు వెళ్లాం, ఒకే రోజు నాకు వైరస్ పరీక్ష ఫలితం, ఆమెకు షుగర్ ఫలితం. మేడమ్ నా కాగితం చూసి, ఈసారి నాతోనే నవ్వుతూ చెప్పింది, వైరస్ దొరకట్లేదు, అంత తగ్గిపోయింది, ఇట్లాగే గోలీలు వేసుకోండి అని. నేను గదిలోంచి బయటికొచ్చేసరికి అక్క ఇంకో కిటికీ దగ్గర మొహం మాడ్చుకుని నిలబడి ఉంది.

"ఏమైంది అక్కా?"

"మూడొందలు దాటిందంట. సూదులు పెట్టాలంటున్నరు. నీదేమన్నరు?"

"దొరుకుతలేదంట."

ఆమె నన్ను కోపంగా చూసింది. "నీది దొరక్కుంటనే పాయె. నేనేమో పచ్చి కాకరకాయలు నమిలి నమిలి సచ్చిన. గిదేం న్యాయమే?"

"నువ్వు బజ్జీలు గూడ నమిలినవు గద."

దారి పొడుగునా ఆమె ఆటోలో ఆ కొసన ముడుచుకుని కూర్చుని, నా చేతిలోని కాగితం వైపు ఓరగా చూస్తూ వచ్చింది. పాపం అనిపించింది, సూది ఎట్లా వేసుకోవాలో నేను నేర్చుకుని చెప్తానన్నాను. అయినా నిజం చెప్పాలంటే, ఆమె చూపు చూసి ఇల్లు చేరేదాకా నాకు లోలోపల హాయిగానే ఉండింది.